జరిపిన గోడ

మూడో గది తలుపు మూసుకున్న చప్పుడు ఆమెకు వినబడింది. పట్టించుకోలేదు. మనిషి లోపలికి వెళ్ళిన కాసేపటికి ఆ తలుపులు వాటంతట అవే మూసుకుంటాయి. చల్లదనం బయటికి పోకూడదని అలా పెట్టారు. బయటికి రావాలంటే లోపల గోడకున్న బటన్ నొక్కాలి. నొక్కిన సంగతి తీగ వెంట ఆఫీసు గదిలోని కంప్యూటర్‌కు చేరుతుంది. కంప్యూటర్ తనలో బిగించిన తలుపుల కార్డు ద్వారా మోటారుకు చెబుతుంది. జానెడు మందమున్న తలుపును మోటారు పక్కకు లాగుతుంది.

ఆ మధ్యాహ్నం లోపల బటన్ నొక్కారు. తలుపు కదల్లేదు.

బల్ల మీద ఫోన్ మోగింది. గదులకూ ఆఫీసుకూ మధ్య మాటల కోసం ఎప్పుడో వేసిన పాత ఫోన్ అది. కంప్యూటర్‌తో దానికి పనిలేదు.

"ఏమ్మా, నీ డబ్బా నిద్రపోయిందా?" అన్నాడు మావయ్య. "నొక్కీ నొక్కీ వేలు అరిగిపోయింది. తలుపు తియ్యి."

"తీస్తున్నా మావయ్యా."

తెర మీద మూడో గది బొమ్మను నొక్కింది. గుండ్రంగా తిరిగే గుర్తు వచ్చింది. తిరుగుతూనే ఉంది.

విత్తనపు బంగాళాదుంపలు దాచే చలిగిడ్డంగి అది. ఎనిమిది గదులు. దుంపల క్రేట్లు పేర్చే మనుషులకు ఆమె మావయ్య మేస్త్రి. చలి యంత్రాలు చూసే మెకానిక్ ఆమె కన్నతండ్రి. ఇద్దరూ ఇక్కడ పని చేస్తూనే వియ్యమందారు. కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం ఆమెకు పెళ్ళయ్యాక వచ్చింది. భర్త ఇదే గిడ్డంగి సరుకు లారీలో వేసుకుని రెండు రోజుల దారిలో ఉన్నాడు. ఆ రోజు సెలవు. లోడింగు మనుషులెవరూ లేరు. మూడో గదిలో ఒక ఫ్యాను గరగరమంటోందని మేస్త్రి చెబితే, ఏ ఫ్యానో చూపించమని మెకానిక్ అతన్ని వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళాడు. రెండు నిమిషాల పనే కదా అని చలికోటు వేసుకోలేదు. చొక్కా మీద వేసుకునే పాత కోటు కూడా తలుపు బయట పక్కనున్న కొక్కేనికి తగిలించి వెళ్ళాడు. ఆయన ఉబ్బసానికి పీల్చే మందు ఆ కోటు జేబులోనే ఉంటుంది.

ఆమె మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే గుర్తు.

లోపల ఎలా ఉన్నారో చూద్దామని కెమెరా తెరిచింది. పోయిన నెలే యజమాని ఎనిమిది గదులకూ కెమెరాలు పెట్టించాడు. మూడో గది ఒక్కటీ తెరవడం ఎలాగో ఆయన చూపించలేదు. తెరిస్తే ఎనిమిదీ ఒకేసారి వస్తాయి. బూడిద రంగులో ఎనిమిది చతురస్రాలు. ఏడింటిలో క్రేట్లు. ఒకదానిలో క్రేట్ల ముందు ఇద్దరు మనుషులు. ఒకాయన లావు, ఒకాయన బక్క. బక్కాయన చంకల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

ఇప్పుడు గుర్తు తిరగడం కూడా మానేసింది. తలుపుల బొమ్మలన్నీ తెల్లబోయాయి.

"కనబడుతున్నామా?" అన్నాడు మావయ్య ఫోన్‌లో. కెమెరా కింద ఎర్ర దీపం వెలిగినట్టుంది. "మీ నాన్నకి చెప్పు, కాస్త నవ్వమను. ఫోటో బాగా రావాలి."

"మావయ్యా, తలుపుల కార్డు పలకట్లేదు."

"పలకడమేంటి? అది ఏమన్నా కోడలా?"

ఆమె నవ్వలేదు. 

"మోటారుకి చేతి గొలుసు ఉండాలిగా?" అన్నాడు మావయ్య, ఫోన్‌లో కాదు, పక్కాయనతో. "బయటి నుంచి అమ్మాయి లాగితే తలుపు వచ్చేస్తుంది. ఏదీ ఆ గొలుసు బావగారూ?"

"తెగింది," అన్నాడు మెకానిక్.

"ఎప్పుడు తెగింది?"

"పోయిన సీజన్లో."

"ఈ సీజన్ కూడా అయిపోవచ్చింది. మంచి పనిమంతులు మీరు."

"నా సంగతి సరే. వెనక చిన్న తలుపు ఉందిగా, ఆపదకి పెట్టింది. ఏదీ, కనబడదేం?"

 వెనక గోడకున్న ఆ చిన్న తలుపు దాకా ఎప్పుడూ ఒక దారి ఖాళీగా ఉండాలి. ఈసారి పంట ఎక్కువ వచ్చింది. ఖాళీ నేల కనబడితే యజమానికి నిద్ర పట్టదు. ఆ దారి నిండా కింది నుంచి పై దాకా క్రేట్లు పేర్పించింది మేస్త్రే.

"ఎవరి గొయ్యి వాళ్ళే తవ్వుకున్నాం," అన్నాడు మెకానిక్. అన్నాక దగ్గాడు. ఆ దగ్గు ఆమెకు చిన్నప్పటి నుంచి తెలుసు. మొదట పొడిగా ఒకటి వస్తుంది. తర్వాత ఈల.

ఫైర్ వాళ్ళకు ఫోన్ చేసింది. వాళ్ళు ఎక్కడో కలప అడితిలో మంటలార్పుతున్నారు. అక్కడ తెమిలాక తలుపు కోసే యంత్రం తీసుకుని వస్తామన్నారు. సాయంత్రం అవుతుందన్నారు. యజమాని ఫోన్ ఎత్తలేదు.

ఆమె కంప్యూటర్ వైపు చూసింది. గోతి సంగతిలో ఆమె ఒక్క మాట కూడా అనలేదు. మూడో గొయ్యి ఆమె తవ్విందే. పొద్దున్నే తవ్వింది.

ఆ కంప్యూటర్ పాతది. అందులోని సిస్టమ్ ఇంకా పాతది. దాని దగ్గర ఉన్న అంకెలతో నాలుగు గిగాబైట్ల దాకానే మెమరీకి నంబర్లు వేయగలదు. నంబరు లేని ఇంటికి ఉత్తరం రానట్టు, నంబరు లేని చోటును ఆ సిస్టమ్ చూడలేదు. యజమాని ఉత్సాహపడి పోయినేడు కొత్త మెమరీ పలకలు కొని తగిలించాడు. తెర మీద మూడు చిల్లరే కనిపించింది. మిగతాది ఏమయిందని ఆయన కొట్టువాడితో పోట్లాడాడు. కొట్టువాడి తప్పేం లేదు. పలకలు ఉన్నాయి, నంబర్లే లేవు. కొత్త సిస్టమ్ వేయిద్దామంటే తలుపుల కార్డుకు అందులో పనిచేసే ప్రోగ్రామ్ లేదు. ఆ కార్డు చేసినవాళ్ళు దుకాణం ఎత్తేసి చాలా కాలమైంది.

ఆ నాలుగులో కూడా ఒక గోడ ఉంటుంది. గోడకు ఇవతల రెండు గిగాలు పనిచేసే ప్రోగ్రామ్‌కు. అవతల రెండు సిస్టమ్‌కు. ఇవతలివాడికి చోటు చాలకపోయినా అవతల అడుగు పెట్టకూడదు. గిడ్డంగి నడిపే ప్రోగ్రామ్ తిండిపోతు. సీజన్ మొదటి రోజు నుంచి ప్రతి గది చలీ తేమా లెక్కలన్నీ కడుపులో పెట్టుకునే తిరుగుతుంది. సీజన్ చివరికొచ్చేసరికి రెండు గిగాలు నిండి బోర్లా పడుతుంది. ఈ వారమంతా పడుతూ లేస్తూ, ఈ పొద్దున లేవడమే మానేసింది.

పొద్దున ఆమె తన మొబైల్‌లో వెతికింది. ఎవరో రాసిన పేజీ ఒకటి దొరికింది. సిస్టమ్ మొదలయ్యే ఫైల్‌లో ఒక చిన్న మాట చేర్చితే గోడ జరుగుతుందట. ప్రోగ్రామ్‌కు మూడు, సిస్టమ్‌కు ఒకటి. చేర్చింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసింది. ప్రోగ్రామ్ గుర్రంలా లేచి నిలబడింది. ఆమెకు ఎంత సంతోషమైందంటే, మావయ్యకు ఫోన్ చేసి మరీ చెప్పింది. "ఇకనుంచి పడదు మావయ్యా, ఇల్లు పెద్దది చేశాను." పేజీలో ఇంకా కిందికి ఏదో ఉంది. పనైపోయాక కింద ఎవరు చదువుతారు?

ఇప్పుడు సిస్టమ్ రాసుకున్న తప్పుల చిట్టా తెరిచి చూసింది. ఒకే ముక్క వరసగా పడి ఉంది. తలుపుల కార్డుకు ఇవ్వడానికి చోటు లేదు. తలుపుల కార్డుకు ఇవ్వడానికి చోటు లేదు.

 కార్డులతో మాట్లాడే పని సిస్టమ్‌ది. ఒక్కో కార్డుకూ తన వాటాలోనే చోటివ్వాలి. రెండు వంతులున్న వాటాను తను ఒక వంతు చేసింది. అందులో సింహభాగం కెమెరాల కార్డు తింటుంది. మిగిలిన కాస్తా, నాన్నను చూసుకుందామని ఎనిమిది కెమెరాలూ తెరిచి తనే నింపేసింది.

"నాన్నా," అంది ఫోన్‌లో. "కెమెరాలు ఆపేస్తాను. మీరు నాకు కనబడరు."

"ఇక్కడ చూడ్డానికేం లేదులే," అన్నాడు ఆయన. మాటకు మాటకు మధ్య గాలి తీసుకుంటున్నాడు.

ఎనిమిది చతురస్రాలూ మాయమయ్యాయి. తలుపుల బొమ్మలు తెల్లగానే ఉన్నాయి. ఒకసారి చోటు దొరక్క పడిపోయిన కార్డు మళ్ళీ లేవాలంటే కంప్యూటర్ ఆపి మళ్ళీ వేయాల్సిందే.

ఆపి మళ్ళీ వేయడానికి భయం రెండు విధాల ఉంది. పొద్దున చేర్చిన మాట ఉంచితే తలుపుల కార్డుకు ఎంత చోటు మిగులుతుందో నమ్మకం లేదు. తీసేస్తే ప్రోగ్రామ్ రెండు గిగాల్లో పట్టాలి. అది లేవగానే సీజన్ లెక్కలన్నీ మొదటి నుంచి మింగి, ఆ తర్వాతే తలుపుల దగ్గరికి వస్తుంది. రెండు గిగాల్లో అవి పట్టవు. తలుపుల దాకా రాకుండానే పడుతుంది. పోనీ లెక్కలు చెరిపేద్దామా అంటే, లెక్కల్లేని గదిని అది కొత్త గది అనుకుంటుంది. కొత్త గది పూర్తిగా చల్లబడేదాకా తలుపులు తీయదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, పక్కన పాతర.

"ఇక్కడ గాలి బరువుగా ఉందమ్మా," అన్నాడు మావయ్య. ఈసారి హాస్యం లేదు. "దుంపలు కూడా ఊపిరి పీలుస్తాయంటాడు మీ నాన్న. నిజమేనా?"

నిజమే. అందుకే గోడలో గాలి రంధ్రాలున్నాయి. వాటిని తెరిచేదీ మూసేదీ కంప్యూటరే. ఇప్పుడు అవి మూసుకుని ఉన్నాయి.

"మావయ్యా, వెనక చిన్న తలుపు దగ్గరికి వెళ్ళగలరా?"

"క్రేట్లు తీయాలి. ఎక్కడ పెట్టను? తలుపు ముందు రెండు మంచాలంత చోటుంది, అంతే."

"మొత్తం తీయాలంటే రాత్రవుతుంది," అన్నాడు మెకానిక్ వెనక నుంచి.

"మొత్తం ఎందుకు బావగారూ? దారి దారంతా తెరిచి ఊరేగింపు చేస్తామా? మనిషి పక్కవాటుగా పట్టేంత తీస్తే చాలు. ఒక వరస ఇటు, ఒక వరస అటు సర్దుతా. మీరు కూర్చోండి. కూర్చుని దగ్గండి."

"ఏ మనిషి పట్టేంత? మీరా, నేనా?"

"మీరే. నేను పట్టాలంటే గోడ కొట్టాలి."

ఫోన్‌ను వేలాడదీసి వదిలేసినట్టున్నారు. క్రేట్లు ఒకదాని మీద ఒకటి పడే చప్పుడు వస్తోంది. మధ్యలో ఈల లాంటి ఊపిరి. ఆమె ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచింది.

మొత్తం ఎందుకు. మనిషి పట్టేంత చాలు.

రెండా, మూడా అనే చూస్తోంది తను. గోడను నడుమ ఎక్కడైనా నిలపొచ్చేమో. మొబైల్ తీసి పొద్దున్నటి పేజీ తెరిచింది. తను చదివి ఆపేసిన చోటు దాటి కిందికి తోసింది. ఎర్ర అక్షరాల్లో ఉంది. ఇలా గోడ జరిపితే కార్డులకు చోటు చాలకపోవచ్చు, తలుపుల్లాంటి, ఆగితే ఆపద తెచ్చే పనులు చేసే యంత్రాలకు ఇది పెట్టకండి. ఆ కిందనే ఇంకో ముక్క. మూడు మరీ ఎక్కువైతే, ఆ మాట పక్కన ఒక అంకె రాసి గోడను రెండుకూ మూడుకూ మధ్య నిలుపుకోవచ్చు.

అంకె ఎంత? పొద్దున ప్రోగ్రామ్ పూర్తిగా లేచాక రెండున్నర దగ్గర నిలబడటం చూసినట్టు గుర్తు. రెండున్నర రాసింది. సిస్టమ్‌కు ఎంత ఎక్కువ మిగిలితే తలుపుకు అంత మంచిదనుకుంది. కెమెరాల ప్రోగ్రామ్ అసలు మొదలవకుండా తీసేసింది. లేచి వెళ్ళి కంప్యూటర్ వెనక కెమెరాల తీగ కూడా పీకింది.

"నాన్నా, మావయ్యా, వినండి. కంప్యూటర్ ఆపుతున్నా. ఆపగానే ఫ్యాన్లు జోరుగా తిరుగుతాయి. గాలికి ఎదురుగా ఉండకండి."

కంప్యూటర్ ఆగితే సరుకు పాడవకుండా ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరిగేలా తీగలు కలిపింది మెకానికే. తన పనుల్లో అదంటే ఆయనకు గొప్ప. అల్లుడికి కూడా తీసుకెళ్ళి చూపించాడు.

ఆమె ఆపింది. ఫోన్‌లోంచి హోరు వచ్చింది. క్రేట్ల చప్పుడూ ఊపిరీ ఆ హోరులో కలిసిపోయాయి.

నల్ల తెర. తెల్ల అక్షరాలు. తర్వాత నీలం. పాత యంత్రానికి తొందరంటే తెలియదు. ప్రోగ్రామ్ లేచింది. మొదటి గది లెక్కలు మింగింది. రెండో గది. ఆకుపచ్చ గీత తెర అడుగున పాకుతోంది. ఆరో గది. ఏడో గది. ఆమె పెదవులు కదులుతున్నాయి. ఎనిమిదో గది సగంలో గీత ఆగింది. తెర మధ్యలో చిన్న పెట్టె వచ్చింది. మెమరీ చాలలేదు.

"వెధవ సంత," అంది ఆమె. ఎప్పుడూ అనని మాట.

"ఏమయింది?" అని ఎవరో అరిచారు హోరులోంచి. ఎవరో తెలియలేదు.

"ఇంకోసారి! ఇంకొక్కసారి ఆగండి!"

అంకె చెరిపింది. ఎంత రాయాలి? ఎక్కువ రాస్తే తలుపు కార్డు పడుతుంది, తక్కువ రాస్తే ప్రోగ్రామ్ పడుతుంది. ఎనిమిదో గదిలో సగం మిగిలింది. ఒక్క గదికి ఎంత పడుతుందో వేళ్ళ మీద వేసుకుంది. దాని మీద పిసరంత కలిపింది. ఎక్కువ కలపాలని చెయ్యి లాగింది. కలపలేదు. కంప్యూటర్ ఇంకోసారి ఆపి, మళ్ళీ వేసింది.

ఈసారి ఫోన్‌లో హోరు తప్ప ఏమీ లేదు. క్రేట్లు పడటం లేదు.

"నాన్నా?"

హోరు.

"మావయ్యా? ఎవరో ఒకరు మాట్లాడండి."

లేచి మూడో గది దాకా పరిగెత్తుదామనిపించింది. వెళ్ళి ఏం చేస్తుంది? తలుపు మీద చేత్తో కొడుతుంది. కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుంది. ఆఫీసు గది కిటికీ తీసి ఉంది, తలుపు తీసి ఉంది, బయట ఎండ కాస్తోంది. ఆమె మాత్రం ఆ కుర్చీలోంచి కదలలేదు.

మొదటి గది. రెండో గది. ఆకుపచ్చ గీత. ఏడో గది. ఎనిమిది. గీత సగం దాటింది. ఆగింది.  గీత ఒక వెంట్రుకవాసి జరిగింది. ఇంకొంచెం. నిండింది.

తలుపుల బొమ్మలు ఒక్కొక్కటీ రంగు తెచ్చుకున్నాయి. మూడోదాని మీద నొక్కింది. గుండ్రటి గుర్తు ఒక్క చుట్టు తిరిగింది. దూరంగా మోటారు మూలిగింది.

కూర్చున్న కుర్చీని ఎత్తుకుని పరిగెత్తింది. తలుపు తెరుచుకుంటూ ఉండగానే కుర్చీని దారికి అడ్డంగా పడేసింది. మళ్ళీ మూసుకునే అవకాశం దానికి ఇవ్వదలచుకోలేదు. కొక్కేనికున్న కోటు లాగి జేబులో చెయ్యి పెట్టింది. మందు దొరికింది.

లోపల తలుపు ముందు జాగా అంతా క్రేట్లే. వాటి మీదెక్కి చూసింది. గుట్టల మధ్య సన్నటి సందు. సందు నోట్లో మావయ్య వీపు. వీపు అటూ పోదు, ఇటూ రాదు. చొక్కా రెండు వైపులా క్రేట్ల మూలలకు పట్టుకుని చిరిగింది.

"మావయ్యా! నాన్న ఏడీ?"

"లోపల." ఆయనకూ మాట కష్టంగా వస్తోంది. "ముందు పోయాడు. చిన్న తలుపు గడియ తుప్పుకి బిగిసిపోయింది. కూలబడ్డాడు. తీసుకొద్దామని దూరాను. ఇదిగో, ఇలా అయ్యాను."

"మిమ్మల్ని లాగుతాను."

"నన్ను లాగితే క్రేట్లు ఆయన మీద పడతాయి. నేనెక్కడికీ పోనులేగానీ, ఆ మందు ఇటియ్యి."

ఆయన భుజం మీదుగా చెయ్యి చాపింది. మందు ఆయన వేళ్ళకు అందింది. ఆయన ఆ చెయ్యిని ఛాతీ పక్కగా, కడుపు పక్కగా తోసి, అవతలి వైపు సందులోకి పంపాడు. మొహం క్రేటుకు ఒత్తుకుపోయి ఉంది. కనబడని చోట వేళ్ళు చాపి కదిలించాడు.

"బావగారూ. చెయ్యి పట్టండి. ఇదిగో ఇక్కడ. అలిగితే ఇంటికెళ్ళాక అలుగుదురుగాని, ముందు ఇది పట్టుకోండి."

ఏ చప్పుడూ లేదు. గాలి రంధ్రాలు తెరుచుకుని బయటి గాలి వెచ్చగా తగులుతోంది. వెనక తలుపు మూసుకోవాలని చూసి, కుర్చీకి తగిలి, ఆగి, మళ్ళీ చూసింది.

"తీసుకున్నాడు," అన్నాడు మావయ్య.

ఒక బుస్సు వినిపించింది. చాలాసేపటికి ఇంకోటి. ఆ తర్వాత దగ్గు, తడి దగ్గు.

"బావగారూ," అన్నాడు మెకానిక్ గుట్టల అవతల నుంచి. గొంతు గీసుకుపోయి ఉంది. "మీ కొలతలు మీకే తెలియవా? మేస్త్రి అనిపించుకుంటారు."

"మాట్లాడకండి. మాట్లాడితే గాలి దండగ."

ఆమె నవ్వబోయి ఏడ్చింది. ఏడుస్తూనే పైవరస క్రేట్లు ఒక్కొక్కటీ దించి, కుర్చీ మీదుగా వసారాలోకి తోయడం మొదలుపెట్టింది. దుంపలు నేల మీద దొర్లాయి. ఏరలేదు. మావయ్య ఎడమ భుజం వదులైంది. తర్వాత నడుము. ఆయన వెనక్కి వచ్చి, మళ్ళీ సందులోకి చేతులు పెట్టి, వియ్యంకుణ్ణి చంకల కింద పట్టి బయటికి తెచ్చాడు. ఇద్దరూ వసారాలో ఎండ పడే చోట గోడకానుకుని కూర్చున్నారు. ఒకరి కోటు ఇద్దరి ఒళ్ళో ఉంది.

అప్పుడు ఆమె మొబైల్ మోగింది. యజమాని.

"ఫోన్ చేశావు కదా. పెళ్ళిలో ఉన్నాను, వినబడలేదు. ఏంటమ్మా, నా మొబైల్‌లో కెమెరాలు ఒక్కటీ రావట్లేదు?"

"తీసేశానండి. వాటికి చోటు లేదు."

"చోటు లేకపోవడమేంటి? అన్ని మెమరీ పలకలు కొన్నాను!"

ఆమె వసారాలోని క్రేట్ల వంక చూసింది. మావయ్య అప్పటికే లేచాడు. చిరిగిన చొక్కాతోనే లోపలికి వెళ్ళి, చిన్న తలుపు దారిలో మిగిలిన క్రేట్లు రెండేసి పట్టుకుని బయటికి తెస్తున్నాడు. నాన్న కూర్చున్న చోటి నుంచే ఎక్కడ పెట్టాలో వేలితో చూపిస్తున్నాడు.

"మూడో గది సరుకు కొంత బయట ఉందండి," అంది. "ఈ సాయంత్రమే లారీ పంపించండి. మళ్ళీ లోపల పెట్టం."